వేసవి కోతలకు ముందే ఒడంబడిక: విజయవాడ, గుంటూరు పరిశ్రమలు ప్రభుత్వంతో కలిసి విద్యుత్ భద్రతను కూర్చుకునే పద్ధతి

2022 ఏప్రిల్ 7న రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్ సెలవు ప్రకటన వెలువడింది. మరునాటి నుంచి రెండు వారాల పాటు, నిరంతరం నడవనక్కరలేని పరిశ్రమలు వారపు సెలవుకు తోడు మరొక రోజు మూసివేయాలనీ, నిరంతరం నడవవలసినవి తమ మామూలు వాడకంలో సగంతో సరిపెట్టుకోవాలనీ ఆదేశాలు వచ్చాయి. ఆ వారంలో ఈ ప్రాంతపు వ్యాపార సంఘాలు అధికారులకు ఇచ్చిన వినతిపత్రాలు కొన్ని నా చేతికి వచ్చాయి. అన్నింటి సారం ఒక్కటే: మా రంగాన్ని మినహాయించండి. ఏ గంటలో ఎంత లోడు (కరెంటు వాడకం) తప్పనిసరి, ఏ గంటలో ఎంత వదులుకోగలం అన్న అంకె ఒక్క పత్రంలోనూ కనిపించలేదు. అవతలి వైపున ఉన్న ఇంజినీర్లకు కూడా కోయవలసిన మెగావాట్లు తెలుసు గాని, ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైను) కోస్తే ఎవరికి ఎంత నష్టమో తెలియదు.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలోని పరిశ్రమలు, వ్యాపార సంఘాలు, శీతల గిడ్డంగుల యజమానులు అటువంటి రోజు మళ్లీ రాకముందే ప్రభుత్వ సంస్థలతో పని చేసే ఏర్పాటును ఎలా కట్టుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. నేను గ్రహించినంతవరకు, ఏప్రిల్‌లో వెళ్లి అడిగిన సంఘానికి దొరికేది కోతల పట్టిక. నవంబరులో వెళ్లి అడిగిన సంఘానికి ఒడంబడిక దొరికే అవకాశం ఉంటుంది. కాబట్టి కింద చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం దసరా, సంక్రాంతి మధ్య పూర్తి కావలసినవి.

ఇంధనం ఎక్కడి నుంచి వస్తోంది

ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి నడుస్తోంది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 2023 చివర చేరిన 800 మెగావాట్లది ఒకటి కలిపి దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. ఆ పొగగొట్టాలు కనిపించే దూరంలో ఉన్నాం కనుక మనకు కరెంటు కొరత రాకూడదని నమ్మే వ్యాపారులు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ తయారైన విద్యుత్ నేరుగా గ్రిడ్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి దాని పంపకం రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం చేతిలో ఉంటుంది. పక్కన ఉన్నందుకు మాకు దక్కింది బూడిదేనని చుట్టుపక్కల గ్రామాలవారు అనే మాటలో చేదు ఉన్నా, లెక్క ప్రకారం అది తప్పు కాదు.

ఆ కేంద్రానికి బొగ్గు సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి రైళ్ల మీద వస్తుంది. ఒక యూనిట్ విద్యుత్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు పడుతుందనుకుంటే, కేంద్రం మొత్తం పూర్తి సామర్థ్యంతో నడిచే రోజున నలభై వేల టన్నులకు పైగా, అంటే దాదాపు పది గూడ్సు రైళ్ల బొగ్గు కావాలి. గనులకు దూరంగా ఉన్న థర్మల్ కేంద్రాలు కాలాన్ని బట్టి 20 నుంచి 26 రోజుల నిల్వ ఉంచుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులో నిర్దేశించింది. దేశంలోని థర్మల్ కేంద్రాల బొగ్గు నిల్వల వివరాలను అదే సంస్థ రోజువారీగా ప్రకటిస్తుంది; అవి ఎవరైనా చూడవచ్చు. సంఘంలో ఒకరు ప్రతి సోమవారం ఆ అంకె చూసి ఒక పుస్తకంలో రాసిపెట్టడం మొదటి పని. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, నిల్వ పది రోజుల కిందికి జారుతున్న విషయం ఫిబ్రవరిలోనే తెలిసిన సంఘం మార్చి నెలాఖరు ఆర్డర్లను ముందుకు జరుపుకోగలుగుతుంది.

కొండపల్లి చెప్పే సంగతి వేరు. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం నుంచి 2009లో గ్యాస్ మొదలైనప్పుడు దాని మీద ఆధారపడి రాష్ట్రంలో పెద్ద పెద్ద విద్యుత్ కేంద్రాలు లేచాయి. కొన్నేళ్లకే ఆ ఉత్పత్తి పడిపోయి, కొండపల్లితో సహా చాలాచోట్ల గ్యాస్ యంత్రాలు ఖాళీగా నిలిచాయి. అదే కొండపల్లిలో విశాఖ నుంచి వచ్చే పైపులైను చమురు దిగుతుంది, చమురు సంస్థల డిపోలు ఉన్నాయి. కరెంటు పోయినా మాకు జనరేటర్ ఉందని ధీమాగా ఉండే యజమాని తన భద్రత బొగ్గు మీది నుంచి కొండపల్లి డీజిల్ మీదికి మారిందని, డీజిల్ తెచ్చే ట్యాంకరుకు దారి ఉన్నంతవరకే అది భద్రత అని గుర్తించాలి.

వీటన్నింటికంటే మన ప్రాంతానికి ప్రత్యేకమైనది రుతువుల ఢీ. గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి నుంచి సరుకు పోటెత్తుతుంది. వెంటనే అమ్ముడుపోని టిక్కీలు (మిర్చి బస్తాలు) శీతల గిడ్డంగులకు చేరుతాయి. ఎండలో ఎండిన వేడి సరుకు గదుల నిండా చేరి, బయట ఎండ ముదిరి, కంప్రెసర్లు అత్యధికంగా పని చేసేది మార్చి నుంచి మే వరకు. రాష్ట్ర విద్యుత్ డిమాండు శిఖరానికి చేరేదీ ఆ రోజుల్లోనే. అటు కృష్ణా డెల్టా ఆక్వా చెరువుల్లో రాత్రిపూట ఏరేటర్లు ఆగితే ప్రాణవాయువు తగ్గి రొయ్య గంటల్లో చచ్చిపోతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో కోతల పట్టిక వేయడమంటే ఎవరి సరుకు ఆగగలదు, ఎవరిది ఆగలేదు అన్న తీర్పు చెప్పడమే. ఆ తీర్పు చెప్పడానికి కావలసిన సమాచారం పరిశ్రమ దగ్గర ఉంది. చెప్పే అధికారం ప్రభుత్వం దగ్గర ఉంది.

ప్రభుత్వం అంటే ఎవరు

ఎక్కువ వినతిపత్రాలు మంత్రిగారి పేరున రాసి, అక్కడి నుంచి కిందికి దిగి దిగి చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) బల్ల మీద ఆగిపోతాయి. ఎవరిని ఏమి అడగవచ్చో తెలిస్తే సగం కాలం కలిసివస్తుంది.

ఫీడర్లు, 33 కేవీ సబ్‌స్టేషన్లు, కోతల అమలు, బిల్లులు అన్నీ ఈ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం అయిన ఏపీసీపీడీసీఎల్ పని. విజయవాడ కేంద్రంగా 2020 ఏప్రిల్ నుంచి పని చేస్తున్న ఈ డిస్కంలో జిల్లా స్థాయిలో సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్ఈ), డివిజన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ), సెక్షన్‌లో ఏఈ మనకు ఎదురయ్యే అధికారులు. 132 కేవీ, ఆ పై లైన్లు రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థ ఏపీట్రాన్స్‌కోవి. ఏ నిమిషంలో ఏ డిస్కం ఎంత తీసుకోవచ్చో చెప్పే లోడ్ డిస్పాచ్ కేంద్రమూ ఆ గొడుగు కిందే ఉంది. ఉత్పత్తి రాష్ట్ర విద్యుత్ ఉత్పాదన సంస్థ జెన్‌కోది. ధరలు, వాటి షరతులు, డిస్కం ఎవరికైనా రాయితీ ఇవ్వవచ్చా లేదా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి, అంటే అందరూ ఈఆర్సీ అని పిలిచే సంస్థ నిర్ణయిస్తుంది. 2003 నాటి విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఏ వర్గానికైనా మండలి నిర్ణయించిన ధర కంటే తక్కువకు ఇవ్వదలిస్తే ఆ సబ్సిడీని ముందుగా చెల్లించాలి. అంటే మంత్రి సానుభూతి చూపినంత మాత్రాన డిస్కం ధర తగ్గించలేదు. ఖజానా నుంచి డబ్బు రావాలి, లేదా మండలి ఉత్తర్వు రావాలి. ఈ ఒక్క విషయం తెలియక ఏళ్ల తరబడి తప్పు తలుపు తట్టిన సంఘాలు నాకు తెలుసు.

ఇక కలెక్టరు. జిల్లాలో పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ ఆయన అధ్యక్షతన కూర్చుంటుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం దాని అజెండా తయారు చేస్తుంది. అనుమతుల ఆలస్యం, రాయితీల బకాయిలు అక్కడ చర్చకు వస్తాయి గాని, ఇంధనం అంశం మామూలుగా రాదు. ప్రతి సమావేశంలో విద్యుత్, ఇంధనం అనే శాశ్వత అంశం ఒకటి చేర్చమని సంఘం తరఫున జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజరుకు రాతపూర్వకంగా అడగడం ఖర్చులేని పని. డిస్కం ఎస్ఈ ఎలాగూ ఆ గదిలో ఉంటారు కనుక వేరే వేదిక కోసం వెతకనక్కరలేదు. కొత్త కమిటీ కావాలని అడిగితే జీవో కోసం ఎదురుచూపు. ఉన్న కమిటీలో ఒక వరుస అడిగితే వచ్చే నెల అజెండాలో కనబడుతుంది.

మన లెక్క మనం వేసుకోవడం

అధికారులను కలవడానికి ముందు చేయవలసిన పనుల్లో ఇదే బరువైనది. చాలా సంఘాలు దాటవేసేదీ ఇదే. సభ్యుల హెచ్‌టీ (హై టెన్షన్) మీటర్లు వాడకాన్ని గంట కంటే చిన్న విరామాల్లో నమోదు చేస్తాయి. ఆ వివరాలు ఇవ్వమని వినియోగదారుడు డిస్కంను అడగవచ్చు. గత ఏడాది ఫిబ్రవరి నుంచి మే వరకు ఉన్న రికార్డును ప్రతి సభ్యుడి నుంచి తెప్పించి, ఒక రోజును గంటల వారీగా విడగొట్టి, ప్రతి సభ్యుడి లోడును మూడు పాళ్లుగా విభజించాలి.

మొదటి పాలు అసలు ఆపకూడనిది. ఇండక్షన్ ఫర్నేసులో కరిగిన లోహం, ప్లాస్టిక్ మోల్డింగ్ యంత్రంలో వేడెక్కి ఉన్న ముడిసరుకు, ఆసుపత్రికి ఆక్సిజన్ పంపే ప్లాంటు ఇందులోకి వస్తాయి. రెండో పాలు, ముందుగా చెబితే ఆపగలిగేది. నూలు మిల్లులో హఠాత్తుగా కరెంటు పోతే వేల దారాలు తెగి, మళ్లీ అతికి నడిపించడానికే ఒక షిఫ్టు పోతుంది. అదే మిల్లుకు ముందు రోజు సాయంత్రం చెబితే ఒక్కొక్క ఫ్రేమును వరుసగా దించుకుంటారు. విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల బాడీలు కట్టే షెడ్డుకు వెల్డింగ్, పెయింటింగ్ పనులను పొద్దుటికి మార్చుకోవడం పెద్ద కష్టం కాదు, కూలీలు ఆ వేళకు వస్తారని ముందే తెలిసి ఉంటే. మూడో పాలు, గంటలు మార్చినా నష్టం లేనిది. శీతల గిడ్డంగి ఇక్కడ అందరికంటే ముందు నిలుస్తుంది: మధ్యాహ్నం ఎండలో సౌర విద్యుత్ పుష్కలంగా ఉన్న వేళ గదులను మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, తలుపులు మూసి ఉంచితే, సాయంత్రం ఆరు నుంచి పది వరకు కంప్రెసర్లు ఆపినా సరుకుకు ఏమీ కాదు. అయితే సరుకు దించుతున్న రోజుల్లో ఇది కుదరదు. హమాలీలు తలుపులు తీసి ఉంచక తప్పదు. అందుకే గదులు నిండిన తేదీ కూడా లెక్కలో రాయాలి.

ఈ మూడో పాలు విలువ ఎంతో ఒక ఊహా లెక్క చూపిస్తాను. ఒక్కొక్కటి 75 కిలోవాట్ల చొప్పున నలభై గిడ్డంగులు సాయంత్రం నాలుగు గంటలు కంప్రెసర్లు ఆపితే మూడు మెగావాట్లు, అంటే రోజుకు 12,000 యూనిట్లు గరిష్ఠ వేళ నుంచి తప్పుకుంటాయి. 2022 ఏప్రిల్‌లో ఎక్స్చేంజీల్లో, అంటే డిస్కంలు విద్యుత్ కొని అమ్ముకునే మార్కెట్లలో, యూనిట్ ధరకు కేంద్ర నియంత్రణ మండలి విధించిన గరిష్ఠ పరిమితి 12 రూపాయలు. ఆ ధరకు కొనవలసిన సాయంత్రం డిస్కం 1,44,000 రూపాయలు పెట్టాలి. అదే విద్యుత్‌ను మధ్యాహ్నం తక్కువ ధరకు ఇవ్వవలసి వస్తుంది కనుక ఆదా అంతకంటే తక్కువే. అయినా ఇది అధికారి ముందు పెట్టగల అంకె. మినహాయించమని చేతులు కట్టుకుని అడగడానికి బదులు, మా దగ్గర మూడు మెగావాట్లు ఉన్నాయి, ఏ షరతు మీద తీసుకుంటారని అడగగలుగుతాం.

ఒక హెచ్చరిక. సభ్యుల వ్యక్తిగత అంకెలు సంఘం గుమస్తా కంప్యూటరులో అందరూ చూసేలా ఉండకూడదు. ఎవరి మిల్లు ఎన్ని షిఫ్టులు నడుస్తోందో పోటీదారులకు తెలిసిపోతుందన్న భయంతోనే చాలామంది లెక్క ఇవ్వరు, ఆ భయం న్యాయమైనదే. ఫీడరు వారీ మొత్తాలు మాత్రమే బయటికి వెళ్లాలి. విడి లెక్కలను బయటి ఎనర్జీ ఆడిటరు ఒకరికి అప్పగించడం మేలు.

ఎవరెవరు కూర్చోవాలి

కూటమి చిన్నదిగా ఉండాలి. శీతల గిడ్డంగులు, నూలు, జిన్నింగ్ మిల్లులు, ఆటోనగర్, రైస్ మిల్లులు, ఆసుపత్రులు, ఆక్వా రైతులు అని రంగానికి ఒకరు చొప్పున వచ్చి, డిస్కం నుంచి ఆపరేషన్ ఎస్ఈ, లోడ్ డిస్పాచ్ నుంచి ఒక ఇంజినీరు, జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి ఒకరు కూర్చుంటే చాలు. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘమేదైనా ఒకటి ముందుండి నడిపితే కొత్తగా నమోదు చేయించే పని తప్పుతుంది. సబ్‌స్టేషన్ షిఫ్టు ఆపరేటరును, లైన్‌మన్‌ను కనీసం ఒక సమావేశానికి పిలవమని నా సలహా. ఏ బ్రేకరు చెడింది, ఏ ఫీడరు కాగితం మీద వేరుగా ఉన్నా నిజానికి పక్కదానితో కలిసి ఉంది అన్నది వారికి తెలిసినంతగా పైవారికి తెలియదు. ఒకసారి పారిశ్రామిక ఫీడరు అనుకున్నదాని మీద రెండు గ్రామాల వ్యవసాయ మోటార్లు ఉన్నాయని ఒక ఆపరేటరు చెప్పేదాకా మాకెవరికీ తెలియలేదు. అప్పటిదాకా వేసుకున్న పట్టిక అంతా చించేయవలసి వచ్చింది.

ఒడంబడిక కాగితంలో ఏముండాలి

డిస్కం తన ఇష్టం మీద మనకు డబ్బు రాయితీ ఇచ్చే ఒప్పందం చేసుకోలేదు. కనుక కాగితం రెండుగా ఉంటుంది: ఎవరి అనుమతీ అక్కరలేని పని పద్ధతి ఒకటి, మండలి ముందు పెట్టవలసిన కోరిక మరొకటి.

పని పద్ధతిలో మొట్టమొదటి మాట ముందస్తు సమాచారం. డిస్కం మరునాటి అవసరాన్ని పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలుగా ముందు రోజే అంచనా వేసి, లోడ్ డిస్పాచ్ కేంద్రానికి ఇస్తుంది. లోటు ఉంటే ఎక్స్చేంజీలో కొనడానికి ప్రయత్నిస్తుంది. కొనుగోలు ఫలితం తెలిసేసరికి మరునాడు కోత పడుతుందో లేదో డిస్కంలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఆ సమాచారం సాయంత్రానికల్లా రంగాల ప్రతినిధులకు చేరాలని, ఎవరు పంపాలో, ఆయన సెలవులో ఉంటే ఎవరు పంపాలో హోదాలతో సహా రాసుకోవాలి. గ్రిడ్ పౌనఃపున్యం పడిపోయినప్పుడు లోడ్ డిస్పాచ్ నుంచి వచ్చే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ ఆదేశానికి, అంటే వెంటనే లోడు తగ్గించమనే ఆదేశానికి, ఇది వర్తించదు. అక్కడ ఇంజినీరుకు మిగిలేది నిమిషాలే. ఆ నిమిషాల్లో ముందుగా ఏ ఫీడరు తీయాలి, ఏది చివర తీయాలి అన్న వరుసను మాత్రం ఇద్దరూ కలిసి చలికాలంలోనే రాసిపెట్టుకోవచ్చు.

తరువాతది వంతు. విద్యుత్ సెలవు తప్పనిసరైతే పారిశ్రామికవాడలన్నీ ఒకే రోజు మూతపడకుండా వారంలో ఏ రోజు ఏ వాడకో ముందే నిర్ణయించుకుంటే డిస్కంకూ రోజువారీ లోడు సమానంగా తగ్గుతుంది. మూడోది మాట నిలుపుకోవడం. ఆపుతామన్న లోడు ఆపని సభ్యుడిని మీటరు పట్టిస్తుంది. అతడి వంతు రక్షణ ఆ నెలకు పోతుందని సంఘమే రాసుకోవాలి. అధికారి చేత శిక్షింపజేయడం కంటే ఇది గౌరవం, ఆపైన అధికారికి మన మీద నమ్మకం కలిగేదీ దీనివల్లే. అదే విధంగా సమాచారం ఇవ్వకుండా కోత వేసిన ప్రతిసారీ తేదీ, సమయం, ఫీడరు నమోదు చేసి నెలాఖరుకు ఎస్ఈకి పంపాలి. తిట్టు లేకుండా పట్టిక మాత్రం పంపితే జవాబు వస్తుంది. రాకపోతే విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆ పట్టికే అక్కడ సాక్ష్యం.

మండలి ముందుకు వెళ్లడం

డిస్కంలు రాబోయే సంవత్సరపు ఆదాయ అవసరాల నివేదికను నవంబరు నెలాఖరుకల్లా మండలికి సమర్పించాలి. ఆ తరువాత పత్రికా ప్రకటన, అభ్యంతరాలు, కొత్త సంవత్సరం మొదట్లో బహిరంగ విచారణ జరిగి, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధరలు వస్తాయి. అభ్యంతరం రాసేవారు ఒక ప్రతిని మండలికి, ఒక ప్రతిని డిస్కంకు ఇవ్వాలి. డిస్కం దానికి జవాబు రాయాలి. విచారణలో తెలుగులో మాట్లాడవచ్చు, మాట్లాడుతున్నారు కూడా. ధరలు పెంచవద్దు అన్న ఒక్క వాక్యంతో వెళ్లినవారికి ఉత్తర్వులో ఒక్క వాక్యమే మిగులుతుంది. గంటల వారీ లెక్కతో వెళ్లి, మధ్యాహ్నపు ధరకు, సాయంత్రపు ధరకు తేడా ఎంత ఉంటే ఎన్ని మెగావాట్లు కదులుతాయో చెప్పినవారిని మండలి సభ్యులు తిరిగి ప్రశ్నలు అడుగుతారు. విచారణలో మనకు కావలసింది ఆ ప్రశ్నలే.

దీనికి చట్టబద్ధమైన ఊతం ఉంది. వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2023లో కేంద్రం చేసిన సవరణ ప్రకారం సౌర విద్యుత్ దొరికే గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా, గరిష్ఠ వేళల్లో పరిశ్రమలకు, వాణిజ్యానికి కనీసం 1.2 రెట్లుగా ఉండాలి. రాష్ట్రంలో ఏ గంటలకు ఏది వర్తిస్తుందో ఆ ఏటి మండలి ఉత్తర్వు చూసుకోవాలి. విద్యుత్ చట్టం 87వ సెక్షన్ కింద మండలికి 21 మందికి మించకుండా రాష్ట్ర సలహా సంఘం ఉండవచ్చు. వాణిజ్యం, పరిశ్రమ, వ్యవసాయం, కార్మికులు, వినియోగదారులకు అందులో చోటు ఉంటుంది. ఖాళీ వచ్చినప్పుడు ఈ ప్రాంతం నుంచి లెక్కలు తెలిసినవారి పేరు సూచించాలి గాని, సంఘం అధ్యక్షుడి గౌరవార్థం ఆయన పేరు పంపకూడదు.

ట్రూ అప్ చార్జీల మీద, అంటే అంచనాకు మించిన పాత ఖర్చును తరువాతి బిల్లుల్లో వసూలు చేయడం మీద, కోపం అందరికీ ఉంది, నాకూ ఉంది. అయితే ఎక్స్చేంజీలో ఎక్కువ ధరకు కొన్న ఖర్చు కూడా ఏదో ఒక రోజు ఇంధన సర్దుబాటు రూపంలో మన బిల్లులోకే తిరిగి వస్తుందని గమనిస్తే, సాయంత్రపు లోడు తగ్గించడం డిస్కంకు చేసే ఉపకారంగా కనిపించదు.

సొంత ఉత్పత్తి, పొరుగు రాష్ట్రాలు

గిడ్డంగుల విశాలమైన కప్పుల మీద సౌర ఫలకాలు పెట్టుకోవడం ఇప్పుడు తెలియనివారు లేరు, వివరించను. చెప్పవలసింది ఒకటి ఉంది: డిస్కం లైన్ల మీదుగా వేరే ఉత్పత్తిదారు నుంచి హరిత విద్యుత్ తెచ్చుకోనిచ్చే 2022 నాటి గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు అర్హత పరిమితిని ఒక మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించాయి. చిన్న పరిశ్రమలు కొన్ని కలిసి రాయలసీమలోని సౌర, పవన కేంద్రంలో కనీసం 26 శాతం వాటా పెట్టి, ఉత్పత్తిలో కనీసం 51 శాతం తామే వాడుకుంటే అది గ్రూప్ క్యాప్టివ్, అంటే ఉమ్మడి సొంత ఉత్పత్తి అవుతుంది. ఇందులోకి దిగే ముందు వీలింగ్ (లైన్ల వాడకం), బ్యాంకింగ్ (మిగులు విద్యుత్‌ను గ్రిడ్‌లో జమ చేసి తరువాత వాడుకోవడం) చార్జీలు కలిపి లెక్క వేసుకోవాలి. గ్రిడ్ విఫలమైన రోజున ఇది దీపం వెలిగించదని కూడా తెలుసుకోవాలి. ఇది ధరకు రక్షణ ఇస్తుందే గాని సరఫరాకు కాదు.

పొరుగు రాష్ట్రాలతో సహకారం మన సంఘాల చేతిలో తక్కువగా ఉన్న విషయం. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. దక్షిణాది రాష్ట్రాల మధ్య సమన్వయాన్ని బెంగళూరులోని ప్రాంతీయ విద్యుత్ కమిటీ, లోడ్ డిస్పాచ్ కేంద్రం చూస్తాయి. ఇంత యంత్రాంగం ఉన్నా, 2021 జూన్, జూలైల్లో శ్రీశైలం, సాగర్, పులిచింతలలో తెలంగాణ జల విద్యుత్ ఉత్పత్తి చేయడంతో వచ్చిన నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రం పాలైంది. నీటిని ఏ గంటలో వదలాలన్నది సాగు ప్రశ్నా, కరెంటు ప్రశ్నా అన్న విషయంలో రెండు ప్రభుత్వాలకు రెండు జవాబులు ఉన్నప్పుడు వ్యాపారులు మధ్యవర్తులు కాలేరు. రెండు రాష్ట్రాల చాంబర్లు కలిసి చేయగలిగింది ఒకటి: వేసవి మిగులు, వర్షాకాలపు మిగులు వేర్వేరుగా ఉన్న రాష్ట్రాల మధ్య విద్యుత్‌ను ఇచ్చి పుచ్చుకునే ఏర్పాట్లకు తమ తమ డిస్కంల విచారణల్లో మద్దతు పలకడం.

వరద రోజు కోసం

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డుకెక్కింది. ఆ రోజుల్లో కొరత మెగావాట్లది కాదు. ప్రాణాలకు ముప్పు లేకుండా కరెంటు ఎప్పుడు ఇవ్వవచ్చో తెలియకపోవడం, జనరేటర్లు నేలమట్టంలో ఉండి మునిగిపోవడం, డీజిల్ బండి లోపలికి రాలేకపోవడం, ఫోన్ టవర్ల బ్యాటరీలు ఖాళీ కావడం అసలు సమస్యలు.

దీనికి మే నెలలోనే కలెక్టరేటులోని విపత్తు నిర్వహణ విభాగంతో కూర్చుని, ఎవరి దగ్గర ఎన్ని కేవీఏల జనరేటర్లు బండి మీద ఎక్కించగలిగేవి ఉన్నాయి, ఎవరి ట్రాక్టర్లు, క్రేన్లు నీటిలో వెళ్లగలవు, ఏ బంకులో ఎంత డీజిల్ ఆసుపత్రులకు, మంచినీటి పంపులకు కేటాయించి ఉంచాలి అన్న జాబితా తయారు చేయాలి. ఆటోనగర్‌కు ఇందులో ఉన్నంత శక్తి జిల్లాలో మరెక్కడా లేదు. మెకానిక్కులు, బండ్లు, విడిభాగాలు అన్నీ ఒకే చోట ఉన్నాయి. వాడిన డీజిల్‌కు, అద్దెకు చెల్లింపు ఎలా జరుగుతుందో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. సాయం చేసి, తరువాత బిల్లు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి రెండోసారి బండి తీయడు. మరమ్మతు తరువాత కరెంటు తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి పరిశ్రమా తన మెయిన్ స్విచ్ తీసి ఉంచి, ప్యానెల్ ఆరిందని ఎలక్ట్రీషియన్ సంతకం చేసిన చీటీని సెక్షన్ ఆఫీసుకు ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే, ఏఈ ఇంటింటికీ తిరగకుండా ఫీడరులోకి కరెంటు వదలగలడు.

జాబితాలో ఫోన్ నంబర్లు ఎప్పటికప్పుడు పాతబడతాయి. బదిలీలు సాధారణంగా వేసవి చివర జరుగుతాయి కనుక జూన్ మొదటి వారంలో సంఘం గుమస్తా సబ్‌స్టేషన్ షిఫ్టు ఆపరేటరు నుంచి ఎస్ఈ వరకు ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి, ఎత్తినవారి పేరు, హోదా అడిగి కొత్త జాబితా రాయాలి. కొత్తగా వచ్చిన అధికారికి అదే రోజు పాత ఒడంబడిక ప్రతిని చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.